ఎవరూ కోరని వార్డులు

1965లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మూడు నెలలు తిరక్కుండా రెండు చట్టాల మీద సంతకం పెట్టాడు. జూలై 30 నాటి చట్టంతో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. అంతవరకూ డబ్బు లేక ఇంట్లోనే మూలిగిన లక్షల మంది ఆసుపత్రి మెట్లెక్కారు. అక్టోబరు 3న లిబర్టీ విగ్రహం నీడలో సంతకమైన రెండో చట్టం, ఏ దేశం నుంచి ఎందరు రావచ్చో గిరి గీసిన పాత కోటాలను ఎత్తేసింది. అంతకుముందు భారతదేశానికి దక్కిన కోటా ఏడాదికి 100 మంది. మొదటి చట్టం రోగులను తెచ్చింది, రెండోది డాక్టర్లను తెచ్చింది. 1960ల చివర గుంటూరులోనో కాకినాడలోనో ఎంబీబీఎస్ పూర్తిచేసిన కుర్రాడు డెట్రాయిట్‌లోనో బ్రూక్లిన్‌లోనో తేలాడంటే అతని తెలివితేటలు ఎంత కారణమో ఆ రెండు సంతకాలూ అంత కారణం. నిర్మొహమాటంగా చెప్పాలంటే సంతకాలే ఎక్కువ కారణం.

మెడికల్ కాలేజీ పాత విద్యార్థుల సభల్లో ఈ మాట అంటే ఎవరికీ రుచించదు. అక్కడ చెప్పుకునే కథ వేరు. జేబులో ఎనిమిది డాలర్లతో దిగాం, మంచులో నడిచాం, రాత్రింబవళ్ళు డ్యూటీ చేశాం, ఇదుగో ఇలా నిలబడ్డాం. అందులో అబద్ధమేమీ లేదు. ఆ రోజుల్లో రిజర్వు బ్యాంకు అంతకు మించి విదేశీ మారకం ఇచ్చేది కాదు, డ్యూటీలూ అలాగే ఉండేవి. కానీ అంతే తెలివి, అంతే ఓపిక ఉన్న మనిషి పదేళ్ళు ముందో పదేళ్ళు వెనకో వెళ్ళి ఉంటే ఏమయ్యేవాడు? వలస వెళ్ళిన మనిషికి పరాయి దేశపు ఆసుపత్రిలో ముప్పై నలభై ఏళ్ళ ఉద్యోగ జీవితం ఎలా కుదురుతుంది అన్న ప్రశ్నను ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. అమెరికా, బ్రిటన్, గల్ఫ్, జర్మనీ అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఆసుపత్రి వలసదారుణ్ణి పిలిచేది అక్కడివాళ్ళు వద్దనుకున్న పనికి. ఆ పనిలోనే అతను పాతుకుపోతాడు. తలుపు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించేది అతని ప్రతిభ కాదు, అక్కడి ప్రభుత్వాల లెక్కలు. ఆ లెక్కలు తరచూ తప్పాయి.

తలుపు మూసి ఉన్న కాలంలో వెళ్ళినవాడు మనకు బాగా తెలిసినవాడే. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్ చేజారి ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. ఆ ఎల్‌ఎంఎస్ చూసి అక్కడ ఇంటర్న్‌గా ఎవరూ తీసుకోలేదు. పూట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేరాడు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం పని. మరుసటి ఏడాదే, 1923లో, భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. వైద్యుడిగా దారి మూసుకుపోయిన మనిషి హార్వర్డ్ ప్రయోగశాలలోకి వెళ్ళాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశాడు. హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళాడు. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌తో పాటు మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపించిన పరిశోధనల నుంచే వచ్చింది. భారతీయులకు పౌరసత్వం ఇచ్చే చట్టం 1946లో వచ్చినా ఆయన తీసుకోలేదు. 1948 ఆగస్టులో చనిపోయాడు.

ఈ కథను మనం ప్రతిభకు పట్టాభిషేకంగా చెప్పుకుంటాం. ఆసుపత్రి వైపు నుంచి చూస్తే ఇది ఒక డాక్టరును పోగొట్టుకున్న కథ. ఆయన ఆసుపత్రిలో చేసిన ఉద్యోగం పోర్టరుదే. 45 ఏళ్ళ తర్వాత పుట్టి ఉంటే, ఆయనకన్నా ఎంతో తక్కువ తెలివి ఉన్నవాళ్ళకు దొరికినట్టే, ఏ ఇంటర్నల్ మెడిసిన్‌లోనో రెసిడెన్సీ దొరికి, ఒహాయోలో హాయిగా ప్రాక్టీసు చేసుకుని రిటైరయ్యేవాడు. (అప్పుడు మెథోట్రెక్సేట్ సంగతేమిటి అని అడగొచ్చు. అది వేరే లెక్క.)

1965 తర్వాత వెళ్ళిన తరానికి దాటవలసిన గడప ఒక్కటే, విదేశీ డాక్టర్ల అర్హత తేల్చే ఈసీఎఫ్ఎంజీ పరీక్ష. 1958 నుంచి ఉన్న ఆ పరీక్షను భారత ప్రభుత్వం ఇక్కడ పెట్టనివ్వని రోజుల్లో కొలంబో లాంటి చోట్లకు వెళ్ళి రాసి వచ్చినవాళ్ళు చాలామంది. ఉత్తరాలు రాస్తే అమెరికా ఆసుపత్రులే జవాబిచ్చేవి, కొన్ని టికెట్టు డబ్బు అప్పుగా కూడా ఇచ్చేవి. ఎందుకంత ఆదరణ? మెడికేర్ వల్ల పడకలు నిండాయి. అమెరికన్ కుర్ర డాక్టర్లు పేరున్న యూనివర్సిటీ ఆసుపత్రులకే వెళ్ళేవాళ్ళు. మిగిలిన చోట్ల, అంటే తెల్లవాళ్ళు శివార్లకు తరలిపోగా బోసిపోతున్న పెద్ద నగరాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో, చిన్న ఊళ్ళలో, రాష్ట్ర ప్రభుత్వాల మానసిక చికిత్సాలయాల్లో పని చేసేవాళ్ళు కావాలి. పూర్తి లైసెన్సు లేకపోయినా మానసిక చికిత్సాలయాలు విదేశీ డాక్టర్లను పెట్టుకునేవి. ఈ తరంలో అనస్థీషియా, సైకియాట్రీ, పాథాలజీ, ఫిజికల్ మెడిసిన్ చదివినవాళ్ళు అంతమంది ఉండడానికి కారణం అభిరుచి కాదు. ఆ సీట్లే ఖాళీగా ఉన్నాయి. సర్జన్ కావాలని వెళ్ళి అనస్థటిస్టుగా స్థిరపడినాయన ప్రతి తెలుగు అసోసియేషన్‌లోనూ ఒకరైనా కనిపిస్తారు.

పదేళ్ళకల్లా గాలి మారింది. ఇక దేశంలో డాక్టర్ల కొరత లేదని 1976లో కాంగ్రెస్ చట్టంలోనే రాసింది. విదేశీ డాక్టర్ల రాకకు కళ్ళెం పడింది, జె-1 వీసా మీద వచ్చినవాళ్ళు శిక్షణ అయ్యాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలన్న నిబంధన బిగిసింది. 1980లో ఒక అధికారిక సంఘం 1990 నాటికి 70,000 మంది డాక్టర్లు మిగిలిపోతారని అంచనా వేసింది. 1997లో మెడికేర్ డబ్బుతో నడిచే రెసిడెన్సీ సీట్లకు 1996 నాటి సంఖ్య దగ్గరే గీత గీశారు. తీరా చూస్తే జనాభా పెరిగింది, ముసలివాళ్ళు పెరిగారు, పల్లెల్లో డాక్టరు లేడు. పల్లెల్లో ఆ కొరత ముందే చూసి, 1994లోనే నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్‌రాడ్ ఒక వెసులుబాటు తెచ్చాడు. డాక్టర్లు లేని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే సొంత దేశం వెళ్ళే నిబంధన మాఫీ. మొదట రాష్ట్రానికి 20 మందికి, 2002 నుంచి 30 మందికి. మనవాళ్ళు 'వెయివర్ జాబ్' అనేది దీన్నే. కెంటకీ బొగ్గు గనుల ఊళ్ళలో, డకోటా గోధుమ పొలాల మధ్య ఊళ్ళలో తెలుగు డాక్టరు కనిపించాడంటే వెనక ఉన్నది ఆ సెనేటరు.

ఖాళీ ఉన్న చోటికి వెళ్ళడం ఎప్పుడూ చిన్నతనమేనా? కాదనడానికి అబ్రహాం వర్గీస్ జీవితం చాలు. ఇథియోపియాలో మలయాళీ దంపతులకు పుట్టాడు. చక్రవర్తిని కూలదోసిన అల్లర్లలో చదువు ఆగిపోయి, అమెరికాలో ఆసుపత్రి ఆర్డర్లీగా పనిచేశాడు. తర్వాత మద్రాసు వచ్చి డిగ్రీ పూర్తి చేశాడు. రెసిడెన్సీ దొరికింది టెనెసీ కొండల్లోని జాన్సన్ సిటీలో. 1985లో అంటువ్యాధుల నిపుణుడిగా మళ్ళీ అక్కడికే వెళితే, నగరాల్లో జబ్బుపడి చనిపోవడానికి సొంత ఊరికి వస్తున్న ఎయిడ్స్ రోగులు ఆయన వాటాకు వచ్చారు. వాళ్ళను ముట్టుకోవడానికే జనం జంకుతున్న రోజులవి. ఆ అనుభవం 1994లో పుస్తకమైంది. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. రోగి పక్కన కూర్చుని చేత్తో తాకి పరీక్షించే పద్ధతికి అమెరికాలో మళ్ళీ గౌరవం తెచ్చినవాళ్ళలో ఆయనొకడు.

అక్కడివాళ్ళు వద్దనుకున్న పనిలో వలసదారుడు పాతుకుపోవడం మరింత స్పష్టంగా కనిపించేది బ్రిటన్‌లో. 1948 జూలై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. తొమ్మిదేళ్ళకు విల్లింక్ కమిటీ దేశంలో డాక్టర్లు ఎక్కువైపోతారని లెక్కగట్టి, మెడికల్ సీట్లు సుమారు పదో వంతు తగ్గించమంది. అమెరికా ఇరవై ఏళ్ళ తర్వాత చేయబోయే పొరపాటును బ్రిటన్ ముందే చేసింది. 1961 నాటికి లార్డ్ కోహెన్ అనే వైద్య ప్రముఖుడు ప్రభువుల సభలోనే, భారత్, పాకిస్తాన్‌ల నుంచి వచ్చిన జూనియర్ డాక్టర్లు లేకపోతే ఈ సర్వీసు కూలిపోయేదని ఒప్పుకున్నాడు. అప్పటి ఆరోగ్యమంత్రి ఇనాక్ పవెల్. ఏడేళ్ళ తర్వాత వలసలకు వ్యతిరేకంగా నెత్తుటి నదుల గురించి ప్రసంగించి పేరు మోసింది ఆయనే. ఆయన మంత్రిగా ఉన్న కాలంలోనూ ఆసుపత్రులు విదేశీ డాక్టర్ల మీద నడిచాయి.

బ్రిటన్ ఆసుపత్రుల్లో అప్పుడు అందరికన్నా చిన్నచూపు వృద్ధుల వైద్యం మీద. పాత అనాథశరణాలయాల్లో ఏళ్ళ తరబడి మంచం పట్టిన ముసలివాళ్ళు. మార్జరీ వారెన్ అనే డాక్టరు 1935 నుంచి వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో అలాంటి వాళ్ళను పరీక్షించి, లేపి నడిపించి, ఇళ్ళకు పంపించవచ్చని చూపించింది. అలా వైద్యంలో కొత్త శాఖ పుట్టింది గానీ, లండన్ పెద్ద ఆసుపత్రుల్లో చదివిన కుర్రాళ్ళెవరూ దాని మొహం చూడలేదు. కార్డియాలజీకి దరఖాస్తు పెట్టి తిరస్కారాల మీద తిరస్కారాలు తిన్న దక్షిణాసియా డాక్టర్లకు కన్సల్టెంట్లు స్నేహపూర్వకంగా ఇచ్చే సలహా ఒకటే: జెరియాట్రిక్స్‌లో ప్రయత్నించండి, పైకొస్తారు. పార్వతీ రఘురామ్, జోయానా బోర్నాట్, లెరాయ్ హెన్రీ ఆ తరం డాక్టర్లను కూర్చోబెట్టి జీవిత కథలు రికార్డు చేశారు. వాటిలో కనిపించేది వట్టి అవమానం కాదు. బలవంతంగా వచ్చినవాళ్ళు అక్కడ కన్సల్టెంట్లయ్యారు. పునరావాస వార్డులు, పగటి ఆసుపత్రులు, పక్షవాత విభాగాలు కట్టారు. ఇవాళ బ్రిటన్‌లో జెరియాట్రిక్స్ పెద్ద వైద్య శాఖ. జూలియన్ సింప్సన్ అనే చరిత్రకారుడు ఇదే వాదనను కుటుంబ వైద్యుల మీద నిరూపించాడు. సౌత్ వేల్స్ గని లోయల్లో, పారిశ్రామిక పట్టణాల పేట వీధుల్లో క్లినిక్కులు నడిపిన దక్షిణాసియా డాక్టర్లు ఆ వ్యవస్థ గోడల్లో ఇటుకలు కారు, దాని మేస్త్రీలు అన్నది ఆయన సారాంశం. నేనూ ఒప్పుకుంటాను, ఒక సవరణతో. మేస్త్రీకి కూలీ సరిగా ముట్టలేదు.

ఎందుకంటే 1993లో అనీజ్ ఎస్మాయిల్, శామ్ ఎవరింగ్టన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక చిన్న పరీక్ష చేశారు. చదువూ అనుభవమూ సమానంగా ఉన్న దరఖాస్తులను ఆంగ్లేయ పేర్లతో కొన్ని, ఆసియా పేర్లతో కొన్ని ఆసుపత్రులకు పంపారు. ఆంగ్లేయ పేర్లకు పిలుపు వచ్చే అవకాశం రెండింతలు. దొంగ దరఖాస్తులు పంపారని పోలీసులు ఆ ఇద్దరినే పట్టుకెళ్ళారు. 2014లో కుటుంబ వైద్యుల తుది పరీక్షలో విదేశీ డాక్టర్లు అన్యాయంగా ఫెయిలవుతున్నారని భారతీయ డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెక్కింది. కేసు ఓడింది గానీ మార్పు అవసరమన్న మాటను జడ్జి కూడా కాదనలేదు. అంతకుముందు 2006లో, అప్పటికే బ్రిటన్ చేరి ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న భారతీయ డాక్టర్లు ఉండగానే వీసా నియమాలు మార్చారు. వేల మంది అప్పుల పాలయ్యారు. గుర్ద్వారాల్లో భోజనం చేసి, ఒక్కో గదిలో నలుగురైదుగురు తలదాచుకున్న రోజులు చాలామందికి ఇప్పటికీ గుర్తు. ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చెల్లవని 2008లో ప్రభువుల సభ తీర్పు చెప్పేసరికి చాలామంది వెనక్కి వచ్చేశారు.

డాక్టర్ల దగ్గరే ఆగిపోతే సగం ఆసుపత్రిని చూడనట్టే. నర్సులది ఇంకో దారి, డాక్టర్ల కన్నా పాతది, మొరటుది. 1950లలో కరీబియన్ దీవుల నుంచి బ్రిటన్ వచ్చిన అమ్మాయిల్లో చాలామందిని, అర్హత ఉన్నా, మూడేళ్ళ రిజిస్టర్డ్ కోర్సులో కాకుండా రెండేళ్ళ ఎన్‌రోల్డ్ కోర్సులో పడేశారు. ఆ సర్టిఫికెట్ సొంత దేశంలో చెల్లదు. బ్రిటన్‌లో పై మెట్టుకు ఎక్కనివ్వదు. ఉద్యోగం ఉంది, ఎదుగుదల లేదు. అమెరికాకు ఫిలిప్పీన్స్ నర్సుల ప్రవాహం 1948లో మొదలైన మార్పిడి కార్యక్రమంతో ఊపందుకుంది. అమెరికా రిజిస్టర్డ్ నర్సుల్లో వాళ్ళు సుమారు 4 శాతం. కోవిడ్ మొదటి నెలల్లో చనిపోయిన నర్సుల్లో మాత్రం మూడో వంతుకు దగ్గరగా ఉన్నారని నర్సుల యూనియన్ లెక్క తేల్చింది. ఐసీయూల్లో, ముసలివాళ్ళ వార్డుల్లో, రాత్రి షిఫ్టుల్లో ఎక్కువగా ఉన్నది వాళ్ళే కాబట్టి. బ్రిటన్‌లోనూ కోవిడ్‌తో చనిపోయిన మొదటి పది మంది డాక్టర్లూ నల్లజాతి, ఆసియా, అరబ్బు మూలాల వాళ్ళే.

కేరళ నర్సుల అమెరికా వలస మీద షీబా జార్జ్ రాసిన 2005 నాటి పుస్తకంలో నాకు నచ్చింది ఇంటి సంగతి. ముందు భార్య వెళ్ళింది, తర్వాత భర్తను పిలిపించుకుంది. ఇక్కడ ఉద్యోగం, హోదా ఉన్న భర్త అక్కడ పిల్లలను బడికి దింపి, వంట నేర్చుకుని, ఆదివారం చర్చి కమిటీలో పెత్తనం వెతుక్కున్నాడు. ఇంటికి డబ్బు తెచ్చేది ఆడవాళ్ళయ్యేసరికి సమాజం వాళ్ళను గౌరవించడానికి బదులు 'నర్సు మొగుడు' అని మగవాణ్ణి ఎగతాళి చేసింది. తెలుగునాట కూడా సిస్టర్ అనగానే మలయాళీ అమ్మాయి గుర్తుకొచ్చిన రోజులు ఎన్నో. మధ్యతరగతి తెలుగు కుటుంబం కూతుర్ని డాక్టర్ని చేయడానికి పొలం అమ్మింది గానీ నర్సు చదువు వైపు చూడలేదు. చూసినవాళ్ళు ఎక్కువగా దళిత క్రైస్తవ కుటుంబాలు, మిషన్ ఆసుపత్రుల నీడలో పెరిగినవాళ్ళు. జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చదివి గల్ఫ్ వెళ్ళి తమ్ముళ్ళను చదివించిన అక్కల గురించి మన సాహిత్యం రాసింది చాలా తక్కువ.

గల్ఫ్ దారికి తనదైన తర్కం ఉంది. డేటాఫ్లో వాళ్ళు సర్టిఫికెట్లు సరిచూడాలి, ప్రోమెట్రిక్ పరీక్ష పాసవ్వాలి, అంతే, విమానం ఎక్కొచ్చు. జీతం వెంటనే. కానీ ఆ దేశం ఎంత కాలమైనా తన మనిషిగా చేర్చుకోదు. పాతికేళ్ళు ఒకే ఆసుపత్రిలో చేసినా ఉద్యోగం పోయిన రోజున వీసా పోతుంది. ఏజెంట్ల మోసాలు భరించలేక భారత ప్రభుత్వం 2015లో నర్సుల నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలంది. తెలంగాణలో టామ్‌కామ్ అలాంటిదే. ఇప్పుడదే సంస్థ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతోంది. జర్మనీ దారి గల్ఫ్‌కు పూర్తిగా తలకిందులు. బీ-2 స్థాయి భాష రావాలి. చదువును అక్కడి చదువుతో పోల్చి, తక్కువైన పాఠాలకు శిక్షణో పరీక్షో పెడతారు. అది పూర్తయ్యేదాకా సహాయకురాలి జీతమే. బీఎస్సీ నర్సింగ్ చేసి ఇక్కడ ఐసీయూ నడిపిన అమ్మాయికి మొదటి నెలల్లో స్నానాలు చేయించడం, పక్కలు సర్దడం మనసుకు కష్టమే. కానీ ఆ దశ దాటితే పర్మనెంట్ ఉద్యోగం, పెన్షను, కొన్నేళ్ళకు పౌరసత్వం. పాతికేళ్ళ దృష్టితో చూస్తే మొదట్లో కష్టపెట్టే దేశమే మేలు. మా పక్కింటి అమ్మాయి అడిగినా ఇదే చెబుతాను.

ఇవాళ అమెరికా వెళ్ళాలనుకునే తెలుగు మెడికో సంగతి వేరు. స్టెప్ వన్, స్టెప్ టూ అనే లైసెన్సు పరీక్షలు, ఒక్కోదానికి వెయ్యి డాలర్ల పైమాటే. 2022 నుంచి స్టెప్ వన్‌లో మార్కులు లేవు, పాసా ఫెయిలా అంతే. మార్కులతో తన సత్తా చూపించుకునే విదేశీ విద్యార్థికి అది దెబ్బ. ఇక అబ్జర్వర్‌షిప్పులు, సిఫారసు ఉత్తరాలు, రీసెర్చి పేపర్లు, వందకు పైగా దరఖాస్తులు, ఆపైన మార్చిలో రెసిడెన్సీ సీట్లు పంచే మ్యాచ్. అమెరికాలో ఎండీ చదివినవాళ్ళలో వందకు 93 మంది మ్యాచ్ అవుతుంటే, విదేశీ పౌరులైన విదేశీ గ్రాడ్యుయేట్లలో 60 మంది లోపే. మిగతా నలభై మంది ఏం చేస్తారన్నది ఏ కోచింగ్ సెంటరూ ప్రకటనలో వేయదు. మ్యాచ్ అయినవాళ్ళలో చాలామంది ఇంటర్నల్ మెడిసిన్ చేసి హాస్పిటలిస్టులవుతారు. వారం పని, వారం సెలవు. ఆసుపత్రిలో చేరిన రోగులను చూడడమే వృత్తిగా మారిన ఈ ఉద్యోగానికి ఆ పేరు వచ్చింది 1996లోనే. ఈ ముప్పై ఏళ్ళలో అది వలస డాక్టర్ల కోటగా మారింది. జెరియాట్రిక్స్, కిడ్నీ వైద్యం కూడా అంతే, అక్కడి నిపుణుల్లో దాదాపు సగం మంది బయట చదివినవాళ్ళు. చర్మ వైద్యంలో, ఎముకల సర్జరీలో మాత్రం వందకు పది మంది కూడా ఉండరు. అరవై ఏళ్ళయినా సూత్రం మారలేదు.

ఇంత కష్టపడి వచ్చాక కూడా గ్రీన్‌కార్డు వరసలో పుట్టిన దేశాన్ని బట్టి 7 శాతం పరిమితి ఉండడంతో భారతీయ డాక్టర్లు దశాబ్దాలు హెచ్-1బీ మీదే పనిచేస్తున్నారు. ఉద్యోగం మారాలంటే భయం, తల్లి చావుకు రావాలన్నా వీసా స్టాంపింగ్ భయం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీలకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. పల్లె ఆసుపత్రులు అంత కట్టి డాక్టర్ని తెచ్చుకోగలవా అని అక్కడి వైద్య సంఘాలే అడిగాయి. అదే ఏడాది జూలైలో బ్రిటన్ తన పదేళ్ళ ప్రణాళికలో ట్రైనింగ్ పోస్టులకు సొంత గ్రాడ్యుయేట్లకే మొదటి ప్రాధాన్యం అంది. ఇంకోవైపు టెనెసీ రాష్ట్రం, అనుభవం ఉన్న విదేశీ డాక్టర్లు మళ్ళీ రెసిడెన్సీ చేయకుండానే తాత్కాలిక లైసెన్సుతో పనిచేయవచ్చని 2023లో చట్టం చేసింది, మరికొన్ని రాష్ట్రాలు దాని బాట పట్టాయి. ఒక తలుపు మూస్తూనే ఇంకో కిటికీ తెరవడం వాళ్ళకు అలవాటు.

బయటివాళ్ళ వైద్యం నాసిరకమేమో అన్న అనుమానానికి కూడా జవాబు దొరికింది. 2017లో యూసుకే త్సుగావా బృందం అమెరికా ఆసుపత్రుల్లో చేరిన వృద్ధుల రికార్డులు పరిశీలించింది. విదేశీ డాక్టర్లు చూసిన వాళ్ళలో 30 రోజుల్లో మరణించినవాళ్ళు 11.2 శాతం, అమెరికాలో చదివిన డాక్టర్లు చూసిన వాళ్ళలో 11.6 శాతం. తేడా చిన్నది. దాన్ని పట్టుకుని మనవాళ్ళు గొప్పని ఊరేగనక్కర్లేదు. తక్కువ కారని తేలింది, అంతవరకు చాలు.

ఇక అసలు ఖరీదు ఎవరు భరించారన్నది. ఫిట్జ్‌హ్యూ మల్లన్ 2005లో లెక్క కట్టాడు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో డాక్టర్లలో సుమారు నాలుగో వంతు విదేశాల్లో చదివినవాళ్ళు. వాళ్ళలో, దేశాన్ని బట్టి, 40 నుంచి 75 శాతం పేద దేశాల నుంచి వచ్చినవాళ్ళు. ఒకప్పుడు బ్రిటన్ తన నియామక నియమావళిలో భారతదేశంలో నాలుగు రాష్ట్రాల నుంచి వైద్య సిబ్బందిని పిలవవద్దని రాసుకుంది. ఆ నాలుగింటిలో ఒకటి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కారణం, ఆ రాష్ట్రాలు బ్రిటన్ నుంచే అభివృద్ధి సాయం పొందుతున్నాయి. ఒక చేత్తో సాయం ఇచ్చి ఇంకో చేత్తో డాక్టర్లను పట్టుకుపోతే బాగుండదన్న సిగ్గు అది. ఆ నియమం ఎంతమందిని ఆపింది అంటే, సొంతంగా దరఖాస్తు పెట్టుకున్నవాణ్ణి అది ఆపదు.

వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి న్యూయార్క్‌లో రేడియాలజీ ప్రొఫెసరైన కాకర్ల సుబ్బారావు, ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాకు తొలి అధ్యక్షుడు, 1980లలో ముఖ్యమంత్రి ఎన్టీఆర్ పిలుపు మీద వచ్చి హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిని నిలబెట్టాడు. గుంటూరులో చదివిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు రోచెస్టర్ వదిలి వచ్చి 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టాడు. చిత్తూరు జిల్లా అరగొండ వాసి ప్రతాప్ సి. రెడ్డి 1983లో చెన్నైలో అపోలో తెరిచాడు. ఈ పేర్లు గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, వచ్చినవాళ్ళు పెట్టినవి ఎక్కువగా నగరాల్లో. ఆదిలాబాదు ఏజెన్సీలోనో పాడేరు కొండల్లోనో పీహెచ్‌సీలో డాక్టరు ఉండడం లేదన్న సమస్యకు తిరిగి వచ్చినవాళ్ళు జవాబు కారు.

నన్ను ఎప్పుడూ గుచ్చే సంగతి ఇక్కడుంది. పాడేరు పోస్టింగ్ అంటే సెలవు చీటీ పెట్టే కుర్రాడే, ఐదేళ్ళ తర్వాత పక్క ఊరికి గంట ప్రయాణం ఉన్న డకోటా పల్లెలో మూడేళ్ళు బుద్ధిగా పనిచేస్తాడు. అతని దేశభక్తిని తిట్టి లాభం లేదు. అక్కడ మూడేళ్ళకు చివర ఏముందో కాగితం మీద రాసి ఉంది. ఇల్లు, జీతం, సాయానికి నర్సు, పనిచేసే ల్యాబు ఉన్నాయి. మన దగ్గర ఉన్నది బాండు, జరిమానా. కాన్‌రాడ్ ఏర్పాటుకు దగ్గరగా మన దగ్గర ఉన్నది ఒక్కటే, పల్లెలో సర్వీసు చేసిన పీహెచ్‌సీ డాక్టర్లకు పీజీ సీట్లలో ఇచ్చే ఇన్‌సర్వీస్ కోటా. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని తగ్గించబోతే డాక్టర్లు రోడ్డెక్కారు. వాళ్ళది న్యాయమైన కోపం. కొండ మీద నాలుగేళ్ళు పనిచేసినవాడికి పీజీ సీటు ఖాయమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చట్టంలో రాయాలి, క్వార్టరు కట్టించాలి, నర్సు పోస్టులు నింపాలి. అప్పటిదాకా విమానాశ్రయంలో దండ వేసి పంపించే తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.